బీడీఎస్ సీటు, రెండు రూపాయల వడ్డీ

తరగతి గది ఒకటే, పాఠం ఒకటే, రోగిని పడుకోబెట్టే డెంటల్ కుర్చీ కూడా ఒకటే. ఫీజులు మాత్రం మూడు. 2020 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు దంత వైద్య కళాశాలలకు మూడేళ్ల కోసం ఖరారు చేసిన లెక్క ప్రకారం కన్వీనర్ కోటాలో, అంటే ఎ కేటగిరీలో, చేరినవారికి ఏడాదికి 13 వేలు. మేనేజ్‌మెంట్ కోటా బి కేటగిరీకి 4 లక్షలు. ఎన్నారై కోటా సి కేటగిరీకి 12 లక్షలు. సగం సీట్లు ఎ, 35 శాతం బి, మిగతా 15 శాతం సి. ఆ తర్వాత అంకెలు కాస్త పెరిగాయి గానీ వాటి మధ్య ఉన్న అగాధం అలాగే ఉంది. పన్ను డాక్టరు చదువు ఖరీదైనదా అని ఎవరైనా అడిగితే, పిల్ల పేరు ఏ కేటగిరీలో పడిందో చెప్పమని ఎదురు అడగాల్సిందే.

ఫీజుల మీద మన దగ్గర చర్చకు కొదవలేదు. ఆ ఫీజు కట్టడానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని మీద చర్చ తక్కువ. కృష్ణా డెల్టాలో దంత వైద్య విద్యార్థి కుటుంబాలను ముంచుతున్నది ఈ రెండోదే అని నా అభిప్రాయం. నాలుగు లక్షల ఫీజు బ్యాంకు అప్పుతో కడితే ఒక బతుకు, ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కడితే ఇంకో బతుకు.

ఈ ప్రాంతంలో కాలేజీలకు లోటేమీ లేదు. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. గన్నవరం దాటితే చినఅవుటపల్లిలో డాక్టర్ సుధా, నాగేశ్వరరావు పేరుమీద నడిచే సిద్ధార్థ డెంటల్ కాలేజీ, గుంటూరు పక్కన తక్కెళ్లపాడులో సిబార్, ఏలూరు దగ్గర దుగ్గిరాలలో సెయింట్ జోసఫ్, కాస్త తూర్పుకు వెళితే భీమవరంలో విష్ణు. అన్నిటికీ పెద్దదిక్కు విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయమే. 1986లో పుట్టి, ఎన్టీఆర్ పేరు పెట్టుకుని, 2022లో వైఎస్సార్ పేరుకు మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ దగ్గరికొచ్చింది. ఫీజుల పట్టిక మాత్రం పేరు మారినంత తేలిగ్గా మారదు. ఇన్ని ప్రైవేటు కాలేజీలున్న రాష్ట్రంలో ప్రభుత్వ దంత కళాశాలలు రెండే: విజయవాడ, కడప. అక్కడ సీటొస్తే ఏడాది ఫీజు వేలల్లో ముగుస్తుంది. రాకపోతే ప్రైవేటులో కన్వీనర్ సీటు. అదీ రాకపోతేనే అసలు కథ.

ఆ కథ బీడీఎస్‌తో మొదలు కాదు, ఇంటర్ మొదటి ఏడాదితో మొదలవుతుంది. గూడవల్లి, నిడమానూరు, ఎనికేపాడు, పోరంకి వైపు వెళితే రోడ్డుకు రెండు పక్కలా కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లే. అక్కడ బైపీసీ రెండేళ్లు, నీట్ ర్యాంకు సరిపోకపోతే లాంగ్ టర్మ్ ఒక ఏడాది, అదీ చాలకపోతే రెండో ఏడాది. బీడీఎస్ అలాట్‌మెంట్ కాగితం చేతికొచ్చే నాటికే చాలా ఇళ్లలో నాలుగైదు లక్షలు కరిగిపోయి ఉంటాయి. ఎంబీబీఎస్ కోసం పెట్టిన ఖర్చు అది. ఎంబీబీఎస్ రాలేదు. ఇంత పెట్టి ఇప్పుడు ఊరికే ఎలా కూర్చుంటాం, కనీసం డెంటల్ అయినా చేద్దాం, పేరు ముందు డాక్టర్ అని పడుతుంది కదా అని ఇంట్లో మాట నడుస్తుంది. అప్పటిదాకా పోయిన డబ్బు ఇక ముందు పెట్టబోయే డబ్బుకు కారణం కాకూడదు. ఇది వడ్డీ వ్యాపారికి బాగా తెలిసిన లెక్క, తల్లిదండ్రులకు ఆ వారం రోజులూ గుర్తుకు రాని లెక్క.

ఈ మూడు కేటగిరీలు ఎక్కడి నుంచి వచ్చాయో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి, ఎందుకంటే దేశంలో ఈ తగువు చాలావరకు మన రాష్ట్రం పేరుమీదే నడిచింది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం తెచ్చింది. సిద్ధార్థ అకాడమీ వారు విజయవాడలో 1980లో పెట్టిన వైద్య కళాశాలను తర్వాత ప్రభుత్వమే తీసుకుంది. 1992కు వచ్చేసరికి గాలి మారింది. ప్రైవేటు వైద్య, దంత కళాశాలలకు నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రభుత్వం ఇచ్చిన అనుమతులను హైకోర్టు కొట్టేయడంతో ఆయన ముఖ్యమంత్రి పదవే వదులుకోవాల్సి వచ్చింది. పన్ను డాక్టర్ల కాలేజీలు కూడా ముఖ్యమంత్రి కుర్చీని కదిలించగలవని అప్పుడు తెలిసింది. మరుసటి ఏడాది, 1993లో, సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో ఒక పద్ధతి గీసింది: సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు. ఫ్రీ సీటు ఖర్చు పేమెంట్ సీటు మోయాలి. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పద్ధతి తప్పని తీసేసింది. చట్టం పుస్తకంలో అది పోయింది. మన కౌన్సెలింగ్‌లో ఎ, బి, సి అన్న పేర్లతో ఇంకా బతికే ఉంది.

పదమూడు వేలతో ఒక విద్యార్థికి డెంటల్ చదువు చెప్పడం ఎవరివల్లా కాదు. మిగతా ఖర్చు బి, సి కేటగిరీల తల్లిదండ్రులు మోస్తున్నారు. పేద పిల్లల చదువును సమాజం మోయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. ఆ భారాన్ని ఖజానా మోయడం వేరు, రెండెకరాల రైతు మీద పెట్టడం వేరు. నీట్‌లో పది మార్కులు తేడా వచ్చిన పాపానికి ఒక ఇల్లు పక్కింటి ఫీజు కూడా కడుతోంది. పైగా ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు.

న్యాయస్థానాలు అసలు పట్టించుకోలేదనలేం. 2017లో అప్పటి ప్రభుత్వం ఎంబీబీఎస్ ఫీజును ఏకంగా 24 లక్షలకు పెంచుతూ జీవో ఇచ్చింది. అంతకుముందున్న దానికి అది ఏడు రెట్లు. హైకోర్టు ఆ జీవోను రద్దు చేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేస్తూ చదువు లాభాల వ్యాపారం కాదని గట్టిగా చెప్పింది, ఎదురు ఖర్చులు కూడా వేసింది. అయిదేళ్లు పట్టింది ఆ తీర్పుకు. బీడీఎస్ కోర్సు హౌస్ సర్జన్సీతో కలిపి అయిదేళ్లే. అంటే కోర్టుకు వెళ్లిన బ్యాచ్‌కు న్యాయం దక్కేసరికి పట్టా కూడా చేతికొచ్చేస్తుంది, అప్పుతో పాటు. 2023లో పార్లమెంటు చేసిన జాతీయ దంత వైద్య కమిషన్ చట్టం ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లకు ఫీజు మార్గదర్శకాలు ఇవ్వాలంది. మిగతా సగం సంగతి మళ్లీ మామూలే.

ఇక కాలేజీ లోపలికి వెళ్దాం. ఫీజు రసీదులో కనపడని ఖర్చు అక్కడ ఉంటుంది. మొదటి ఏడాది విద్యార్థి చేతిలో మొట్టమొదట పడేవి పుస్తకాలు కావు, మైనపు దిమ్మెలు, చెక్కడానికి కార్వర్లు. ఒక్కొక్క పన్ను ఆకారం, గాట్లు, మూలలు అచ్చుగుద్దినట్టు మైనంలో చెక్కాలి. తర్వాత ఆర్టిక్యులేటర్, ప్లాస్టర్, కట్టుడు పళ్లకు యాక్రిలిక్, ఎయిరోటార్ హ్యాండ్‌పీస్, రూట్ కెనాల్ ఫైళ్లు, పన్ను పీకే ఫోర్సెప్స్. వీటిలో చాలా వాటిని విద్యార్థే కొనుక్కోవాలి. ఫైళ్లు విరుగుతాయి, బర్లు అరిగిపోతాయి, మళ్లీ కొనాలి. సీనియర్ల దగ్గర సగం ధరకు పాత కిట్లు దొరుకుతాయి. మొదటి వారంలోనే కొత్త కిట్టు మొత్తం కొనేసే పిల్లలు రెండో ఏడాదికి ఆ సంగతి తెలుసుకుంటారు.

మూడో ఏడాది నుంచి ఇంకో రకం ఖర్చు మొదలవుతుంది. ఇన్ని పళ్లు పీకాలి, ఇన్ని ఫిల్లింగులు చేయాలి, ఇన్ని కట్టుడు పళ్ల సెట్లు కట్టాలి అని ప్రతి విభాగంలోనూ కోటా ఉంటుంది. ఊరికి దూరంగా ఉన్న కాలేజీ ఆస్పత్రికి రోగులు తగినంత మంది రారు. నోట్లో ఒక్క పన్నూ లేని పెద్దాయన దొరకడం పరీక్షల ముందు లాటరీ తగిలినట్టే. అందుకే పిల్లలు ఊళ్ల మీద పడతారు. అమ్మమ్మ ఊరి నుంచి ముసలాయన్ని తీసుకొచ్చి, బస్సు ఛార్జీలు పెట్టి, మధ్యాహ్నం భోజనం పెట్టించి, కట్టుడు పళ్ల ల్యాబు ఖర్చు కూడా తామే భరిస్తారు. "తాతయ్యా, వచ్చే మంగళవారం కూడా రావాలి, మర్చిపోకండేం" అని బతిమాలే పిల్లను చూస్తే డాక్టరెవరో రోగి ఎవరో అర్థం కాదు. అయిదు సిట్టింగులకు అయిదు సార్లు ఛార్జీలు. ఏ ప్రాస్పెక్టస్‌లోనూ ఈ పద్దు కనపడదు.

కన్వీనర్ సీటు వచ్చినవాళ్లకు కూడా హాయి పూర్తిగా లేదు. వైఎస్ హయాంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు, తర్వాత విద్యా దీవెనగా పేరు మార్చుకుని, ఇప్పుడు మళ్లీ కొత్త రూపంలో సాగుతోంది. ట్యూషన్ వరకు అది కాపాడుతుంది. ప్రభుత్వం ఏదైనా బకాయిలు మాత్రం పేరుకుంటూనే ఉంటాయి. బకాయి పేరు చెప్పి హాల్ టికెట్ దగ్గర, సర్టిఫికెట్ల దగ్గర యాజమాన్యం పట్టుబడితే అప్పటికప్పుడు ఇంటినుంచి డబ్బు తేవాలి. ఆ అప్పటికప్పుడు తెచ్చే డబ్బు ఎప్పుడూ ఎక్కువ వడ్డీదే.

ఇప్పుడు బ్యాంకు. పైన చెప్పిన 2020 లెక్క ప్రకారం బి కేటగిరీలో నాలుగేళ్ల ట్యూషనే 16 లక్షలు. హాస్టలు, పరికరాలు పక్కన పెట్టండి. ఏటా నాలుగు లక్షల చొప్పున బ్యాంకు ఇచ్చిందనుకుందాం, వడ్డీ పది శాతం అనుకుందాం. చదువుకునే కాలం, ఆ తర్వాత ఒక ఏడాది అసలు కట్టక్కర్లేదు. ఆ గడువులో సాధారణ వడ్డీ మాత్రం పడుతుంటుంది. ఆరేళ్లు గడిచేసరికి ఆ వడ్డీ 7 లక్షల 20 వేలు అవుతుంది. అసలుతో కలిపితే 23 లక్షల 20 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా 30,659 రూపాయలు. పదిహేనేళ్లకు సాగదీస్తే 24,931. సాగదీసినందుకు మొత్తంగా కట్టేది దాదాపు 45 లక్షలు. అదే, చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టేస్తే, మొదటి ఏడాది నెలకు 3,333, నాలుగో ఏడాది నుంచి 13,333 అవుతుంది. గడువు ముగిసేసరికి అసలు 16 లక్షల దగ్గరే ఆగుతుంది, పదేళ్ల వాయిదా 21,144కు దిగుతుంది. ఇలా వడ్డీ ముందే కట్టేవారికి చాలా బ్యాంకులు వడ్డీలో ఒక శాతం తగ్గిస్తాయి. అడిగితేనే చెబుతారు.

నిబంధనల పుస్తకంలో ఇదంతా బాగానే ఉంటుంది. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం నాలుగు లక్షల వరకు తాకట్టూ పూచీకత్తూ అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ గ్యారంటీ నిధి ఉంది కాబట్టి 7 లక్షల 50 వేల వరకు ఆస్తి తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. ఆపైన ఆస్తి చూపించాలి. డెల్టా రైతు బోర్లా పడేది సరిగ్గా ఇక్కడే.

కంకిపాడు వైపు ఏ ఊరి శాఖకైనా వెళ్లి చూడండి, ఇలాంటి మాటలు వినపడతాయి. "రెండెకరాల మాగాణి ఉందండీ, కాలవ కింద పొలం, పాసు పుస్తకం తెచ్చాను" అంటాడు తండ్రి. మేనేజరు పాసు పుస్తకం తిరగేసి, "పొలం కాదు బాబాయ్ గారూ, ఊళ్లో ఇల్లో, ఇళ్ల స్థలమో ఏమన్నా ఉందా? ఎఫ్‌డీ గానీ, ఎల్‌ఐసీ పాలసీ గానీ?" అని అడుగుతాడు. కోటి రూపాయల పొలం ముందు పెట్టుకుని పదహారు లక్షలకు పనికిరాలేదని తండ్రి తలపట్టుకుంటాడు. మేనేజరు తప్పు లేదు. వాయిదాలు ఆగితే కోర్టుకు వెళ్లకుండానే ఆస్తి స్వాధీనం చేసుకునే అధికారాన్ని 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. అదే చట్టం 31వ సెక్షను వ్యవసాయ భూమిని దాని పరిధిలోంచి తప్పించింది. రైతు పొలం పోకూడదన్న మంచి ఉద్దేశంతో పెట్టిన మినహాయింపు అది. దాని ఫలితం మాత్రం, పంట కోసం కాకుండా చదువు కోసం వచ్చిన రైతును బ్యాంకు గుమ్మం దగ్గరే వెనక్కి పంపడం.

అక్కడి నుంచి ఆయన వెళ్లేది ప్రోనోటు దగ్గరికి. నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. ఊళ్లో అది ధర్మ వడ్డీ కిందే లెక్క, మూడు రూపాయలు అడిగేవాళ్లు వేరే ఉన్నారు. ప్రోనోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది కాబట్టి, అది రాకముందే అయిదు వేలో పదివేలో చెల్లు వేయించి సంతకం తీసుకుంటారు. అప్పు అలా బతికే ఉంటుంది. అయిదు లక్షలు తెచ్చి ఆరేళ్లు ఏమీ కట్టకపోతే వడ్డీ ఎంతవుతుందో లెక్క కట్టాను: 7 లక్షల 20 వేలు. పైన బ్యాంకులో పదహారు లక్షలకు ఆరేళ్లలో పడిన వడ్డీ కూడా సరిగ్గా అంతే. మొదటి ఏడాది ఫీజు, హాస్టలు కలిపి తెచ్చిన ప్రోనోటు ఒక్కటి, బ్యాంకులో నాలుగేళ్ల ఫీజు మొత్తానికి పడే వడ్డీని మింగేస్తుంది.

పొలం అమ్మడమంటే మనవాళ్లకు తల కొట్టేసినట్టు ఉంటుంది. ఆ బాధ నిజమే. కానీ చాలా ఊళ్లలో ఎకరం మీద ఏటా వచ్చే కౌలు, ఆ ఎకరం అమ్మితే వచ్చే ధరలో రెండు మూడు శాతం దాటదు. రెండు శాతం ఇచ్చే ఆస్తిని పట్టుకుని ఇరవై నాలుగు శాతం వడ్డీ కట్టడం ఏ లెక్కలోనూ నిలవదు. ఎలాగూ చదివించాలనే నిర్ణయానికి వస్తే, ముప్పై సెంట్లు ముందే అమ్మడం మంచిది. తర్వాత ఉన్న రెండెకరాలూ అమ్మాల్సి రావడం కంటే అది నయం. చీటీ పాడి ఫీజు కట్టేవాళ్లూ ఉన్నారు. పంట రుణం పేరుతో బంగారం పెట్టి తక్కువ వడ్డీకి తెచ్చి కాలేజీకి కట్టడం ఊళ్లో బహిరంగ రహస్యం. దాన్ని నేను మెచ్చుకోను గానీ, ప్రోనోటుతో పోలిస్తే అది చాలా తెలివైన పనే.

ప్రభుత్వ పథకాల్లో పేరు వినపడేవి రెండు. 2009 నుంచి ఉన్న వడ్డీ రాయితీలో, కుటుంబ ఆదాయం ఏడాదికి 4 లక్షల 50 వేల లోపు ఉంటే చదువుకునే కాలపు వడ్డీని కేంద్రం భరిస్తుంది. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి పది లక్షల వరకు అప్పు మీద మూడు శాతం వడ్డీ రాయితీ. కానీ ఇది దేశంలో ఎంపిక చేసిన కొన్ని విద్యాసంస్థలకే. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో, మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రాయితీ ఇస్తారో లేదో చేరకముందే బ్యాంకును అడిగి కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాట మీద చేరిపోయి తర్వాత తల బాదుకున్న కుటుంబాలున్నాయి. మేనేజ్‌మెంట్ కోటా అయినా సీటు నీట్ ర్యాంకు ప్రకారం ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ ద్వారానే వచ్చిందని చూపించే అలాట్‌మెంట్ పత్రం ఇలాంటప్పుడు ఉపయోగపడుతుంది, జాగ్రత్తగా దాచుకోండి.

పట్టా చేతికొచ్చాక ఏమవుతుంది? విజయవాడ సూర్యారావుపేటలో డాక్టర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. అక్కడా, మొగల్రాజపురంలోనూ, పటమటలోనూ ఏదైనా డెంటల్ క్లినిక్‌లో కొత్తగా చేరిన బీడీఎస్‌కు ఇచ్చేది ఇరవై వేలకు అటూ ఇటూ. ముప్పై వేలు ఇచ్చే చోటు దొరికితే ఆ పిల్ల అదృష్టవంతురాలు. పైన వేసిన వాయిదా 30,659. రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే వేరే వివరణ అక్కర్లేదు. మూడు నెలలు వాయిదా ఆగితే అది మొండిబాకీ అవుతుంది. పిల్ల సిబిల్ స్కోరుతో పాటు సంతకం పెట్టిన తండ్రి స్కోరూ పడిపోతుంది. రేపు క్లినిక్ పెట్టుకుందామని ముద్రా రుణానికి వెళితే ఆ స్కోరే అడ్డం పడుతుంది.

ఎండీఎస్ అనే పీజీ చేస్తే బాగుపడతామని అందరూ అంటారు. అది సగమే నిజం. తొమ్మిది బ్రాంచీల్లో రూట్ కెనాల్ చేసే ఎండోడాంటిక్స్, పళ్లు వరుస పెట్టే ఆర్థో, దవడ శస్త్ర చికిత్సలు చేసే ఓరల్ సర్జరీ లాంటివాటికే బయట గిరాకీ. ఆ మూడేళ్లకు ప్రైవేటులో ఫీజు మళ్లీ లక్షల్లోనే. కొందరు వారానికి ఒక రోజు గుడివాడ, ఒక రోజు మచిలీపట్నం, ఒక రోజు తెనాలి తిరుగుతూ కేసుకింత అని తీసుకుని నిలదొక్కుకుంటారు. గిరాకీ లేని బ్రాంచి చేసినవాళ్లకు మిగిలేది కాలేజీలో బోధన ఉద్యోగమే. బీడీఎస్ అప్పు తీరకుండా ఎండీఎస్ అప్పు మీద వేసుకోవడం నాకు అసలు నచ్చని పని. రెండేళ్లు పనిచేసి, అసలులో కొంత తీర్చి, ఏ బ్రాంచి మీద నిజంగా చేయి తిరుగుతుందో చూసుకుని వెళ్లడం మేలు. ఆర్మీ డెంటల్ కోర్‌లో షార్ట్ సర్వీస్ కమిషన్ అన్నది మనవాళ్లు పెద్దగా పట్టించుకోని దారి. దానికీ నీట్ ఎండీఎస్ మార్కులే చూస్తారు.

నన్నడిగితే అప్పున్న బీడీఎస్‌కు విజయవాడ కంటే ఉయ్యూరో, చల్లపల్లో, అవనిగడ్డో, కైకలూరో మంచిది. అద్దె తక్కువ, ఒక కుర్చీ, కంప్రెసర్, ఆటోక్లేవ్, చిన్న ఎక్స్‌రేతో మొదలుపెట్టొచ్చు. ఎక్స్‌రేకు అణుశక్తి నియంత్రణ మండలి నమోదు, క్లినిక్‌కు జిల్లా వైద్యాధికారి దగ్గర నమోదు, ఆస్పత్రి చెత్త తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం ఇవి తప్పనిసరి. ముద్రాలో మొదటిసారి పది లక్షల వరకు దొరుకుతుంది. సిటీలో అద్దాల క్లినిక్‌కు ముప్పై లక్షలు పెట్టి, నెలనెలా రెండు వాయిదాలు కట్టలేక, ఏడాదికల్లా కుర్చీని సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకున్న పిల్లల కథలు బందరు రోడ్డు మీద ఎన్నో వినొచ్చు.

అమెరికా సంగతి రెండు మాటల్లో. మన బీడీఎస్‌తో అక్కడ నేరుగా వైద్యం చేయలేరు. పరీక్ష రాసి, ప్లాస్టిక్ పళ్ల మీద పనితనం చూపించి, మళ్లీ రెండు మూడేళ్లు డెంటల్ స్కూల్లో చదవాలి. అక్కడి పిల్లలకే చదువు ముగిసేసరికి సగటున దాదాపు 3 లక్షల డాలర్ల అప్పు ఉంటుంది. 2025లో చేసిన చట్టంతో వాళ్ల ప్రభుత్వం కూడా వృత్తి విద్య అప్పులకు మొత్తం 2 లక్షల డాలర్ల పరిమితి పెట్టింది. మనవాళ్లకు ఆ ప్రభుత్వ రుణమూ రాదు. అందుకే చాలామంది పబ్లిక్ హెల్త్ మాస్టర్స్‌కో, డేటా ఉద్యోగాలకో మళ్లుతున్నారు. అది తప్పేమీ కాదు. దానికి అయిదేళ్లు పళ్లు పీకడం నేర్చుకోవాలా అన్నది వేరే ప్రశ్న.

సీట్లు మిగిలిపోతున్నాయన్న సంగతి కూడా తల్లిదండ్రులకు తెలియాలి. 2021 ఫిబ్రవరిలో దేశంలో ఏడు వేలకు పైగా బీడీఎస్ సీట్లు ఖాళీగా ఉన్నాయని, ఆ ఏడాదికి నీట్ అర్హతను పది పర్సంటైల్ తగ్గించమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇంత గిరాకీ లేని సరుకుకు చెప్పిన ధర చెప్పినట్టు ఎందుకు కట్టాలి? ఆఖరి రౌండ్లలో బేరానికి తావుంటుంది. హాస్టలు ఫీజు మీద, పరికరాల ఖర్చు మీద, ఫీజును వాయిదాల్లో కట్టడం మీద నోరు విప్పి మాట్లాడండి. చేరేటప్పుడు రాయించుకునే బాండులో మధ్యలో మానేస్తే ఏం కట్టాలో చదివాకే సంతకం పెట్టండి.

నా తీర్పు ఇది. విజయవాడలో గానీ కడపలో గానీ ప్రభుత్వ సీటు, లేదా ఎక్కడైనా కన్వీనర్ సీటు వస్తే, పిల్లకు ఇష్టముంటే, కళ్లు మూసుకుని చేర్చండి. బి కేటగిరీలో కనీసం సగం డబ్బు చేతిలో ఉండి, మిగతా సగం బ్యాంకు ఇస్తానని రాసిస్తేనే ముందుకు వెళ్లండి. ఆ సగానికైనా ప్రోనోటు రాయాల్సి వస్తే వద్దు. అప్పు చేసి సి కేటగిరీలో చేరడం అన్నది ఎవరు చెప్పినా వినకండి.

మిగతాది ప్రభుత్వం, విశ్వవిద్యాలయం చేయాల్సిన పని. ఇన్ని ప్రైవేటు డెంటల్ కాలేజీలు ఉన్న ప్రాంతంలో సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో పన్ను డాక్టరు పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉండటం సిగ్గుచేటు. చదువు రుణానికి వ్యవసాయ భూమి తాకట్టును బ్యాంకులు తీసుకునేలా రాష్ట్రమే గ్యారంటీ ఇవ్వొచ్చు. అంతకంటే ముందు, ఖజానా నుంచి పైసా ఖర్చు లేకుండా విజయవాడలోనే జరగాల్సిన పని ఒకటుంది. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌లోనే ప్రతి డెంటల్ కాలేజీ ఎదురుగా నాలుగేళ్ల మొత్తం ఫీజు, హాస్టలు, పరికరాల ఖర్చు, హౌస్ సర్జన్సీలో నిజంగా చేతికిచ్చే స్టైపెండు, ఈ నాలుగు అంకెలూ ప్రచురించాలి. వచ్చే ఏడాది వెబ్ ఆప్షన్లు తెరిచేలోగా ఆ పట్టిక రావాలని తల్లిదండ్రులు రిజిస్ట్రారుకు ఉత్తరాలు రాయాలి.